డేటాబేస్ కనెక్షన్ టైమౌట్ (భారీ బ్యాచ్ రిపోర్టులలో)

డేటాబేస్‌ను ఏదైనా అడిగిన ప్రోగ్రాం నిర్ణీత వ్యవధిలో జవాబు అందక ప్రయత్నం విరమించుకోవడాన్ని, లేదా దారిలో ఉన్న మరో వ్యవస్థ ఆ కనెక్షన్‌ను తెంచివేయడాన్ని డేటాబేస్ కనెక్షన్ టైమౌట్ అంటారు. నెలాఖరు జీతాల పట్టికలు, బ్యాంకుల దినాంత లెక్కలు, పన్ను వివరాలు, సరుకు నిల్వల జాబితాలు వంటి భారీ బ్యాచ్ రిపోర్టులలో ఇది తరచు ఎదురవుతుంది. లక్షల రికార్డులను చదివి, కూడి, క్రమంలో పెట్టి ఫైలుగా రాయడానికి నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడతాయి. ఆ దారిలోని పరికరాలు, సాఫ్ట్‌వేర్ పొరలు మాత్రం చాలావరకు సెకన్లలో ముగిసే లావాదేవీల కోసం అమర్చినవి.

అప్లికేషన్, కనెక్షన్ పూల్, డ్రైవర్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫైర్‌వాల్, డేటాబేస్ సర్వర్: ప్రతి పొరా తన గడువును తానే లెక్కపెట్టుకుంటుంది. వీటిలో ఎవరి గడువు తీరినా రిపోర్టు నడిపేవారికి కనిపించేది దాదాపు ఒకే రకమైన సందేశం. అందుకే ఎవరి గడువు తీరిందో తేల్చడం పరిశోధనలో మొదటి మెట్టు. మిగతా సవరణలన్నీ ఆ తర్వాతే.

నేపథ్యం

ఐబీఎం పరిశోధకుడు ఇ. ఎఫ్. కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన కాలంలో బ్యాచ్ పనీ, అది చదివే డేటా సాధారణంగా ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లో ఉండేవి. క్లయింట్-సర్వర్ పద్ధతి వచ్చాక రెండింటి మధ్యకు నెట్‌వర్క్ చేరింది. టీసీపీ ప్రమాణం 1981లో ఆర్‌ఎఫ్‌సీ 793గా వెలువడింది. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓడీబీసీ, 1997లో జావాలో చేరిన జేడీబీసీ లాగిన్ గడువు, క్వెరీ గడువు అన్న రెండింటినీ ప్రోగ్రామర్ చేతికి ఇచ్చాయి.

డేటాబేస్ తయారీదారులు గడువులను క్రమంగా విడదీస్తూ వచ్చారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ట్రాన్సాక్షన్ తెరిచి ఊరకే కూర్చున్న సెషన్లకు గడువు 2016 నాటి 9.6 వెర్షన్‌లో, ఏ పనీ లేని సెషన్లకు గడువు 2021 నాటి 14లో, మొత్తం ట్రాన్సాక్షన్‌కు గడువు 2024 నాటి 17లో చేరాయి.

గడువుల రకాలు

కనెక్షన్ ఏర్పడే దశలో రెండు గడువులు పనిచేస్తాయి. మొదటిది టీసీపీ స్థాయిది. సర్వర్ అసలే స్పందించకపోతే లినక్స్ తన డిఫాల్ట్ ప్రయత్నాలన్నీ ముగించి లోపం ప్రకటించడానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది. రెండోది లాగిన్ గడువు. టీసీపీ దారి ఏర్పడ్డాక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పరిశీలన ముగియడానికి ఇచ్చే సమయమిది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇది 60 సెకన్లు, ఒరాకిల్ సర్వర్ వైపున కూడా 60 సెకన్లు, మైఎస్‌క్యూఎల్‌లో 10 సెకన్లు.

పూల్ అంటే ముందే తెరిచి ఉంచి పనుల మధ్య పంచే కనెక్షన్ల సమితి; దాని గడువు వేరే జాతి. ఇక్కడ డేటాబేస్‌కు ఏ ఇబ్బందీ లేకపోవచ్చు. పూల్‌లోని కనెక్షన్లన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉండడం వల్ల కొత్తగా అడిగినవారికి ఏదీ దొరకదు. సందేశంలో కనెక్షన్ అన్న మాట ఉంటుంది కాబట్టి నెట్‌వర్క్ బృందాన్ని అనవసరంగా నిద్ర లేపే లోపాల్లో దీనిది మొదటి స్థానం.

క్వెరీ గడువు ఒక ఆదేశం నడవడానికి ఇచ్చిన సమయం. లాక్ గడువు ఇతరుల చేతిలోని రికార్డు విడుదల కోసం వేచి ఉండే సమయం. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో ఇది 50 సెకన్లు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డిఫాల్ట్‌గా అనంతం. నిష్క్రియ గడువు ఏ మాటా సాగని కనెక్షన్‌ను తొలగించే సమయం. మైఎస్‌క్యూఎల్‌లో ఇది 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. వీటన్నిటికీ వెలుపల వెబ్ గేట్‌వే, జాబ్ షెడ్యూలర్ వంటివి తమ గడువులతో ఉంటాయి.

డిఫాల్ట్ విలువలు, వాటి ఆనవాళ్లు

ఒక రిపోర్టు ప్రతిసారీ ఒకే వ్యవధి దగ్గర ఆగిపోతుంటే ఆ అంకె చాలావరకు కారకుడిని పట్టిస్తుంది. లోడ్ వల్ల వచ్చే జాప్యం రోజుకో తీరుగా ఉంటుంది. గడువు వల్ల కనెక్షన్ తెగడం మాత్రం సెకను అటూ ఇటూ కాకుండా ప్రతిసారీ అక్కడే జరుగుతుంది. అందుకే లోపం సందేశం కంటే లోపం వచ్చిన సమయానికే పరిశోధకులు ఎక్కువ విలువ ఇస్తారు.

15 సెకన్లు ఏడీఓ డాట్‌నెట్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ కనెక్షన్ తెరవడానికి ఇచ్చే గడువు. 30 సెకన్లకు హక్కుదారులు ఎక్కువమంది: ఏడీఓ డాట్‌నెట్ కమాండ్ గడువు, జావాలో విరివిగా వాడే హికారీసీపీ పూల్ గడువు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్టాండ్‌బై సర్వర్ వైరుధ్య గడువు, మైఎస్‌క్యూఎల్ నెట్‌వర్క్ రీడ్ గడువు అన్నీ అదే అంకె. 60 సెకన్లు మైఎస్‌క్యూఎల్ నెట్‌వర్క్ రైట్ గడువు, ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ రీడ్ గడువు. ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర గడువు తీరితే బ్రౌజర్‌లో 504 లోపం కనిపిస్తుంది. వెనుక డేటాబేస్‌లో క్వెరీ యథాతథంగా నడుస్తూనే ఉంటుంది.

240 సెకన్ల దగ్గర తెగితే అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌ను, 350 సెకన్ల దగ్గర తెగితే అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ (నెట్‌వర్క్ చిరునామాలు మార్చే) గేట్‌వేను, 600 సెకన్ల దగ్గర తెగితే గూగుల్ క్లౌడ్ ఫైర్‌వాల్‌ను లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్ రిమోట్ క్వెరీ గడువును ముందుగా అనుమానించాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్ ఒక రిపోర్టుకు డిఫాల్ట్‌గా ఇచ్చేది 1,800 సెకన్లు. హికారీసీపీలో కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షు కూడా 30 నిమిషాలే. అయితే వాడుకలో ఉన్న కనెక్షన్‌ను అది తెంచదు, పూల్‌కు తిరిగి వచ్చాకే తొలగిస్తుంది. అందువల్ల నడుస్తున్న రిపోర్టు అరగంటకు ఆగితే ఈ అమరికను నిందించడం సరికాదు.

నిశ్శబ్దంగా తెగిన కనెక్షన్లు

భారీ రిపోర్టులకు ప్రత్యేకమైన సమస్య ఇదే. పట్టుకోవడానికి ఎక్కువ కాలం తీసుకునేదీ ఇదే.

రిపోర్టు ప్రోగ్రాం క్వెరీ పంపుతుంది. సర్వర్ 20 నిమిషాలపాటు టేబుళ్లు చదివి, కూడికలు చేసి, సార్టింగ్ చేస్తుంది. ఈ సమయంలో రెండు వైపుల నుంచీ ఒక్క ప్యాకెట్ కూడా నెట్‌వర్క్‌లో కదలదు. డేటాబేస్ దృష్టిలో అది ముమ్మరంగా పనిచేస్తున్న కనెక్షన్. మధ్యలోని ఫైర్‌వాల్ లేదా నాట్ దృష్టిలో పనిలేని కనెక్షన్. ఆ పరికరం తన గడువు తీరగానే కనెక్షన్‌ను తన పట్టికలోంచి తీసేస్తుంది, తరచు ఎవరికీ చెప్పకుండానే. చివరికి సర్వర్ ఫలితాలు పంపినప్పుడు ఆ ప్యాకెట్లు దారిలోనే పడిపోతాయి. లినక్స్ సర్వర్ వాటిని మళ్లీ మళ్లీ పంపి, డిఫాల్ట్ అమరికలో సుమారు 15 నిమిషాల తర్వాత చేతులెత్తేస్తుంది. క్లయింట్‌కు ఏ సమాచారమూ అందదు. దానికి సాకెట్ గడువు లేకపోతే జాబ్ గంటల తరబడి హ్యాంగ్ అయి ఉంటుంది. రిపోర్టు హ్యాంగ్ అయిందని అప్లికేషన్ బృందం, క్వెరీ ఎప్పుడో ముగిసిందని డేటాబేస్ బృందం చెప్పే సందర్భాలు ఇక్కడే పుడతాయి. ఇద్దరూ చూసినదే చెబుతారు.

దీనికి విరుగుడు టీసీపీ కీప్అలైవ్. మాటలేని కనెక్షన్‌లో అప్పుడప్పుడు చిన్న ప్యాకెట్ పంపి అవతలివైపు ఉందో లేదో అడిగే ఏర్పాటిది. లినక్స్‌లో తొలి ప్యాకెట్ 7,200 సెకన్ల మౌనం తర్వాత వెళ్తుంది. జవాబు రాకపోతే 75 సెకన్లకొకటి చొప్పున మొత్తం 9 పంపి ఆపుతుంది. అంటే చచ్చిన కనెక్షన్‌ను గుర్తించడానికి డిఫాల్ట్‌గా 2 గంటల 11 నిమిషాలకు పైగా పడుతుంది. 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 ఈ డిఫాల్ట్ రెండు గంటలకు తగ్గకూడదని నిర్దేశించింది. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5382 దానికి అనుగుణంగా నాట్ పరికరాలు స్థిరపడిన టీసీపీ కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలు గుర్తుంచుకోవాలని చెప్పింది. పైన చెప్పిన క్లౌడ్ సేవల డిఫాల్ట్‌లు ఆ కొలతకు చాలా తక్కువ. కాబట్టి కీప్అలైవ్ ఆన్ చేసి ఉండడం చాలదు; దారిలోని అతి చిన్న నిష్క్రియ గడువు కంటే తక్కువ వ్యవధికి దాన్ని అమర్చాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన వైపున దీన్ని 30 సెకన్లకు పెట్టుకుంటుంది. ఒరాకిల్‌లో ఇదే పనికి ఎక్స్‌పైర్ టైమ్ అనే అమరిక నిమిషాల లెక్కలో ఉంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ జావా డ్రైవర్‌లో కీప్అలైవ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. రిపోర్టు జాబ్‌లు రాసేవారు ముందుగా చూడదగ్గ చోటు అది.

ఫలితాలు అందుకోవడంలో జాప్యం

క్వెరీ వేగంగా ముగిసినా ఫలితాలను తీసుకోవడంలో రిపోర్టు విఫలం కావచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ జావా డ్రైవర్ మొత్తం ఫలితాన్ని ఒకేసారి మెమరీలోకి తెస్తుంది. ఆటోకమిట్ ఆపి, ఫెచ్ సైజు ఇచ్చినప్పుడే విడతలుగా తెస్తుంది. కోటి రికార్డుల రిపోర్టులో అలా ఒకేసారి తేవడం మెమరీని నింపేస్తుంది. జావా గార్బేజ్ కలెక్షన్‌లో చిక్కుకున్న ప్రోగ్రాం బయటికి టైమౌట్‌గానే కనిపిస్తుంది. ఒరాకిల్ జావా డ్రైవర్‌ది మరో కొస: డిఫాల్ట్‌గా విడతకు 10 రికార్డులే. అయిదు లక్షల రికార్డులకు 50,000 రాకపోకలు అవసరమవుతాయి.

మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రీమింగ్ పద్ధతి వాడితే వేరే చిక్కు ఉంది. రిపోర్టు ప్రోగ్రాం ప్రతి రికార్డుకూ పీడీఎఫ్ తయారీ వంటి బరువైన పని చేస్తూ చదవడం ఆలస్యం చేస్తే, సర్వర్ పంపే బఫర్ నిండిపోతుంది. రైట్ గడువైన 60 సెకన్లలో ఒక్క బ్లాక్ కూడా కదలకపోతే సర్వరే కనెక్షన్ తెంచుతుంది. అప్పుడు వచ్చే 2013 నంబరు లోపం క్వెరీ మధ్యలో కనెక్షన్ పోయిందని చెబుతుంది; అసలు కారణం క్లయింట్ నెమ్మది. జావా డ్రైవర్ కనెక్టర్-జే ఈ ఇబ్బంది తెలిసే స్ట్రీమింగ్ సమయంలో ఆ గడువును 600 సెకన్లకు పెంచుతుంది. ఇతర భాషల డ్రైవర్లలోనూ అలాగే జరుగుతుందని అనుకోకూడదు.

పూల్ కొరత

క్యూలపై జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ నేరుగా వర్తిస్తుంది: సగటున వాడుకలో ఉండే కనెక్షన్ల సంఖ్య, పనులు వచ్చే వేగాన్ని ఒక్కో పని కనెక్షన్‌ను పట్టుకునే కాలంతో గుణిస్తే వస్తుంది. నిమిషానికొక రిపోర్టు మొదలై ఒక్కొక్కటి 12 నిమిషాలు కనెక్షన్‌ను ఉంచుకుంటే 12 కనెక్షన్లు కావాలి. హికారీసీపీ డిఫాల్ట్ పూల్ 10. పదకొండో రిపోర్టు 30 సెకన్లు వేచి చూసి విఫలమవుతుంది. భారతదేశంలో మార్చి 31 నాటి ఆర్థిక సంవత్సరాంతం వంటి రోజుల్లో పనులు వచ్చే వేగం, పట్టుకునే కాలం రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి ఏడాదంతా సరిపోయిన పూల్ ఆ రోజు చాలదు.

ఇంకొకటి పూల్‌లోని ప్రతిష్టంభన. ఒక రిపోర్టు ఒక కనెక్షన్‌లో ఫలితాలు చదువుతూనే ప్రతి రికార్డుకూ వివరం కోసం రెండో కనెక్షన్ అడిగిందనుకుందాం. అలాంటివి పది ఒకేసారి నడిస్తే పది కనెక్షన్లూ మొదటి అవసరానికే పోయి, రెండోది ఎవరికీ దొరకదు. దీన్ని తప్పించడానికి కనీసం 11 కనెక్షన్లు కావాలి. రెండో కనెక్షన్ అవసరం లేకుండా క్వెరీనే జాయిన్‌తో తిరగరాయడం ఇంకా మంచిది. పూల్‌ను విచ్చలవిడిగా పెంచడం వల్ల సర్వర్ పరిమితి తగులుతుంది. ఆ డిఫాల్ట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 100, మైఎస్‌క్యూఎల్‌లో 151.

లాకులు, పాత స్నాప్‌షాట్లు

ఎస్‌క్యూఎల్ సర్వర్ డిఫాల్ట్ ఐసొలేషన్‌లో చదివేవారు రాసేవారి కోసం ఆగవలసి వస్తుంది. అందువల్ల పగటి లావాదేవీలతో పాటు నడిచే రిపోర్టు లాక్ దగ్గర నిలిచి కమాండ్ గడువు తీరి ఆగిపోవచ్చు. 2005 వెర్షన్‌లో వచ్చిన రీడ్ కమిటెడ్ స్నాప్‌షాట్ అమరిక దీనికి మందు. పాత వెర్షన్లను దాచి ఉంచే ఒరాకిల్‌లో చదివేవారు ఆగరు కానీ, ఆ వెర్షన్లు ఉండే అన్‌డూ డేటా చెరిగిపోతే రిపోర్టు ఓఆర్‌ఏ-01555 లోపంతో ముగుస్తుంది. అన్‌డూ నిల్వ లక్ష్యం డిఫాల్ట్‌గా 900 సెకన్లే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్టాండ్‌బైలో నడిచే రిపోర్టును ప్రధాన సర్వర్ నుంచి వచ్చే మార్పులతో వైరుధ్యం ఉందని 30 సెకన్ల నిరీక్షణ తర్వాత సర్వరే రద్దు చేస్తుంది. చివరి రెండూ కనెక్షన్ టైమౌట్లు కావు. రిపోర్టు లాగ్‌లో మాత్రం వీటిని ఒకే గాటన కట్టడం కద్దు.

నిర్ధారణ

మొదట లోపం వచ్చిన ఖచ్చిత వ్యవధిని మూడు నాలుగు పరుగుల లాగ్‌లలో పోల్చి, పైన చెప్పిన డిఫాల్ట్‌లతో సరిచూడాలి. తర్వాత రిపోర్టు నడుస్తుండగా సర్వర్ లోపల ఏం జరుగుతోందో చూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పీజీ-స్టాట్-యాక్టివిటీ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అమలులో ఉన్న రిక్వెస్టుల వ్యూ, ఒరాకిల్‌లో వీ-డాలర్-సెషన్, మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్‌లిస్ట్ ఇందుకు ఉన్నాయి. సెషన్ దేనికోసం వేచి ఉందన్నదే ఇక్కడ నిర్ణాయకం. లాక్ కోసమైతే అడ్డుపడుతున్న సెషన్‌ను వెతకాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో క్లయింట్‌రైట్ అని, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అసింక్ నెట్‌వర్క్ ఐఓ అని కనిపిస్తే సర్వర్ పని చేసి పెట్టింది, తీసుకునేవారు ఆలస్యం చేస్తున్నారు. సెషన్ అసలే లేకపోయి క్లయింట్ ఇంకా వేచి ఉంటే మధ్య దారిలో తెగిందని అర్థం. రెండు చివరలా ఒకేసారి టీసీపీడంప్ తీస్తే అది రుజువవుతుంది.

అదే క్వెరీ మేనేజ్‌మెంట్ స్టూడియోలో నడుస్తుంది, అప్లికేషన్‌లో నడవదు అన్న ఫిర్యాదు ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారిలో చాలా పాతది. దీనికి రెండు కారణాలున్నాయి. స్టూడియోలో క్వెరీకి గడువు లేదు. అంతేకాక అరిథ్‌అబార్ట్ అనే సెషన్ అమరిక స్టూడియోలో ఆన్‌లో, ఏడీఓ డాట్‌నెట్‌లో ఆఫ్‌లో ఉంటుంది. దానివల్ల ఒకే క్వెరీకి రెండు వేర్వేరు అమలు ప్లాన్లు దాచి ఉండవచ్చు. అప్లికేషన్ వాడే ప్లాన్ వేరే పారామీటర్లకు తయారైనదైతే అది ఈ రోజు డేటాకు సరిపోకపోవచ్చు. కాబట్టి స్టూడియోలో వేగంగా వచ్చిందన్న పరీక్షను సాక్ష్యంగా తీసుకునే ముందు సెషన్ అమరికలు సమానం చేయాలి.

సవరణ పద్ధతులు

ప్లాన్ చెడినచోట గణాంకాలు తాజాపరచడం, తగిన ఇండెక్స్ చేర్చడం మొదటి పని. రాత్రి భారీగా డేటా లోడ్ చేసి వెంటనే రిపోర్టు మొదలుపెట్టే చోట్ల రెండింటి మధ్య గణాంకాల సేకరణను షెడ్యూల్ చేయడం చాలా టైమౌట్లను ఆపుతుంది.

పెద్ద రిపోర్టును ముక్కలుగా నడపడం ఇంకో మార్గం. ఆఫ్‌సెట్ వాడితే ప్రతి ముక్కకూ ముందున్న రికార్డులన్నీ చదివి పారేయవలసి ఉంటుంది కాబట్టి చివరి ముక్కలు నెమ్మదిస్తాయి. చివరగా చదివిన కీ విలువ నుంచి ముందుకు సాగే పద్ధతిలో ఆ నష్టం లేదు. అయితే ముక్కలు వేర్వేరు ట్రాన్సాక్షన్లలో నడిస్తే మధ్యలో డేటా మారి మొత్తాలు సరిపోలకపోవచ్చు. ఆర్థిక రిపోర్టులలో ఇది ఉపేక్షించలేని దోషం; తేదీ, సమయంతో హద్దు గీయడం లేదా ముందే డేటాను వేరే టేబుల్‌కు కాపీ చేసుకోవడం అవసరం. రిపోర్టులను రెప్లికాకు మళ్లించడం, సారాంశ టేబుళ్లు ముందే కట్టి ఉంచడం, రిపోర్టులకు వేరే పూల్ ఇవ్వడం కూడా వాడుకలో ఉన్నాయి. వీటిలో వేరే పూల్ చవకైనది: రిపోర్టులు ఎంత ముసురుకున్నా పగటి లావాదేవీలకు కనెక్షన్లు మిగులుతాయి.

గడువు పెంచడంపై భిన్నాభిప్రాయాలు

గడువును పెంచడం లేదా సున్నా చేయడం అతి సులభం, అతి సాధారణం కూడా. గంట పట్టే పనికి 30 సెకన్ల గడువు అర్థం లేనిదని దీన్ని సమర్థించేవారి వాదన. నెలకోసారి నడిచే రిపోర్టు విషయంలో అది న్యాయమైనదే. సున్నా పెడితే దారి తప్పిన క్వెరీ రోజంతా వనరులు తింటుందని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పాత రికార్డు ప్రతులను శుభ్రం చేసే వాక్యూమ్‌ను కూడా అడ్డుకుంటుందని వ్యతిరేకుల వాదన. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో క్వెరీ గడువును మొత్తం సర్వర్‌కు కాక రిపోర్టు యూజర్‌కు లేదా ఆ సెషన్‌కు మాత్రమే అమర్చే వీలుంది. రెండు పక్షాలకూ ఆమోదయోగ్యమైన దారి అది. వరుస కూడా ముఖ్యం: లోపలి గడువు బయటి గడువు కంటే తక్కువగా ఉండాలి. అప్పుడే డేటాబేస్ క్వెరీని ఆపిన తర్వాత అప్లికేషన్‌కు స్పష్టమైన సందేశం అందుతుంది.

రద్దు, పునఃప్రయత్నం

క్లయింట్ విరమించుకున్నంత మాత్రాన సర్వర్‌లో క్వెరీ ఆగిపోదు. మైఎస్‌క్యూఎల్ సర్వర్‌కు క్లయింట్ పోయిన సంగతి సాధారణంగా ఫలితం రాయబోయినప్పుడే తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో మధ్యమధ్య క్లయింట్ ఉనికిని పరిశీలించే అమరిక వెర్షన్ 14లో వచ్చింది, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కమాండ్ గడువు తీరితే క్లయింట్ రద్దు సంకేతం పంపుతుంది, క్వెరీ ఆగుతుంది. కానీ ఎక్స్‌యాక్ట్-అబార్ట్ అనే అమరిక ఆన్‌లో లేకపోతే తెరిచిన ట్రాన్సాక్షన్, దాని లాకులు అలాగే మిగిలిపోవచ్చు.

షెడ్యూలర్ విఫలమైన జాబ్‌ను వెంటనే మళ్లీ మొదలుపెట్టే చోట దీని ప్రభావం తీవ్రం. మొదటి పరుగు క్వెరీ సర్వర్‌లో ఇంకా నడుస్తుండగానే రెండోది చేరుతుంది, డిస్కును పంచుకొని రెండూ నెమ్మదిస్తాయి, రెండోదీ గడువు దాటుతుంది, మూడోది మొదలవుతుంది. అందుకే మళ్లీ నడిపే ముందు పాత సెషన్‌ను వెతికి ముగించడం, ప్రయత్నాల మధ్య వ్యవధిని పెంచుకుంటూ పోవడం, ఒకే రిపోర్టు రెండు ప్రతులు ఒకేసారి నడవకుండా డేటాబేస్‌లోనే ఒక లాక్ పెట్టుకోవడం పాటిస్తారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అడ్వైజరీ లాక్, మైఎస్‌క్యూఎల్‌లో గెట్-లాక్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యాప్‌లాక్ ఇందుకు పనికివస్తాయి. సెషన్‌కు ముడిపెట్టిన ఈ లాక్ సర్వర్‌లోని పాత సెషన్ ముగిసేవరకు విడుదల కాదు కాబట్టి, రెండో పరుగు మొదలు కాలేకపోయిందంటే మొదటిది ఇంకా బతికే ఉందని దానివల్లనే తెలుస్తుంది.